అన్నపూర్ణమ్మ చెరువు

సూర్యనారాయణ గారికి తెలిసింది ఒక్కటే శాస్త్రం. పెరిగిన సరుకు చెరువులో ఉండకూడదు. కౌంటుకి, అంటే అమ్మే సైజుకి వచ్చిన రొయ్యని ఇంకో వారం ఉంచుదాం, రేటు పెరుగుతుందేమో అని ఎవరైనా నసిగితే, భుజం మీది తువ్వాలు తీసి ఒక్క దులుపు దులిపేవారు. "రేటు పెరుగుద్దో లేదో ఆ దేవుడికెరుక. వైట్ స్పాట్ తెగులు మాత్రం చెప్పకుండా వచ్చేస్తది. లాగెయ్యండ్రా వల" అనేవారు. ఆ శాస్త్రాన్ని నమ్ముకునే ముమ్మిడివరం అవతలి పల్లె నుంచి యానాం వచ్చి, దరియాలతిప్ప వైపు చెరువులు తవ్వించి, ఫరంపేటలో ఇల్లు కట్టారు. అందరూ మునిగిన ఏడాది కూడా ఆయన మునగలేదు. కాబట్టి ఆ శాస్త్రం తప్పని ఆయనకి చెప్పే మొనగాడు ఊళ్ళో లేకపోయాడు.

భార్య పోయినప్పుడూ అదే శాస్త్రం. అన్నపూర్ణమ్మ పసుపూ కుంకాలతో, పుణ్యస్త్రీగా వెళ్ళిపోయింది. అలాంటి మనిషి చీర దక్కడం అదృష్టమని ఆడవాళ్ళు అనుకుంటారు కదా, కర్మలన్నీ అయ్యాక కోడలు శిరీష బీరువా తెరిచి ఒక్కొక్క చీరా తీసి ఇస్తుంటే, అందుకున్నవాళ్ళు కళ్ళకద్దుకుని ఏడ్చారు. సూర్యనారాయణ గారు వీధరుగు మీద కూర్చుని, "ఇంకా ఉన్నాయామ్మా? ఉంటే అయ్యి కూడా ఇచ్చెయ్యి. దాచుకుంటే చిమ్మటలు తింటాయి" అన్నారు. ఆవిడ కళ్ళజోడు, చేతిసంచి, పూజలో పెట్టుకునే చిన్న గంట, అన్నీ వారం తిరక్కుండా ఎవరెవరికో వెళ్ళిపోయాయి. మనిషి రాయిరా బాబూ అనుకున్నారు జనం. పాపం, రాయేం కాదు. ఉంచుకున్న వస్తువు పోయిన మనిషిని తెచ్చివ్వదు గదా అన్నది ఆయన లెక్క. ఏడుపొస్తే గట్టు మీదికెళ్ళి, నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల హోరులో ఎవరికీ వినబడకుండా ఏడ్చి వచ్చేవారు.

ఇంట్లో మిగిలింది ఆవిడ ఫోను ఒక్కటే. బ్యాంకు వాళ్ళ మెసేజీలు ఆ నంబరుకే వస్తాయని దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. శిరీష వాళ్ళ నాన్నగారికి కంటి ఆపరేషనని పుట్టింటికి వెళ్తూ, "అత్తయ్య ఫోను జాగ్రత్త మావయ్యగారూ" అని రెండుసార్లు చెప్పింది. బ్యాంకు సంగతే అనుకున్నారాయన. కొడుకు సాయికిరణ్ పొద్దస్తమానం చెరువుల మీదే ఉంటాడు. ఇంట్లో ఆయనా, గోడ గడియారమూ మిగిలారు.

ఒక మధ్యాహ్నం అన్నం తిని వాలుకుర్చీలో నడుం వాల్చారో లేదో, అలమరలో ఉన్న ఫోను గుర్రుమంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు నొక్కి పెట్టిన సైలెంటులోనే ఉండిపోయింది పాపం, మోగడం లేదు, వణుకుతోంది. తీసి చూశారు. "అన్నపూర్ణ గారూ, మీ చేపలు ఆకలితో ఉన్నాయి" అని ఉంది.

"హవ్వ! పోయిన మనిషిని పట్టుకుని చేపలకి మేతెయ్యమంటారేంటి వీళ్ళ మొహం మండా!" అని ఆ అక్షరాల మీదే వేలితో ఒక్క పోటు పొడిచారు.

తెర మీద నీళ్ళు తెరుచుకున్నాయి.

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ముప్ఫయ్యేళ్ళు నీటితో బతికిన మనిషి. కానీ ఆయన చెరువుల్లో నీళ్ళు కాచిన టీ రంగులో ఉంటాయి. లోపల ఏముందో తెలియాలంటే చెక్ ట్రే పైకి లాగి, అందులో పడ్డ నాలుగు రొయ్యల్ని చూసి మిగతా లక్షల గురించి ఊహించుకోవాలి. ఆ ఊహ తప్పితే కొంప కొల్లేరే. ఇక్కడ నీళ్ళు అడుగుదాకా కనబడుతున్నాయి. నాచు కదలడం, ఎండ అడ్డంగా దిగడం, గులకరాళ్ళ మీద నీడలు పారడం, అంతా కనబడుతోంది. ఆ నీళ్ళ మధ్యలోంచి చేపలు ఒక్కొక్కటిగా ముందుకొచ్చి ఆయన వంక చూశాయి.

అబ్బ, ఏం చేపలవి! బొచ్చె కాదు, శీలావతి కాదు, పండుగప్ప అంతకన్నా కాదు. ఒకదానికి మామిడిపండు రంగు ఒళ్ళు, వీపు పొడుగునా మెరూను అంచు. ఇంకోదానికి నెమలికంఠం రంగు, తోక నిండా జరీ బుటాలు. ఒకటి తెల్లగా, మీద మెలికల ముగ్గు పెట్టినట్టు గీతలు. చేపల రంగుల గురించి చెప్పమంటే ఆయన ఒక పూట చెప్పగలరు. అలాంటి మనిషి ఈ రంగులకి పేర్లు వెతుక్కున్నారు. ఆ ఆట తయారుచేసిన కంపెనీ వాళ్ళకి దేవుడి దగ్గర ట్రెయినింగేమో అనుకున్నారు. మేత బొమ్మ నొక్కితే గింజలు రాలాయి. చేపలన్నీ బిలబిలమంటూ వచ్చి తిన్నాయి. అవి తింటుంటే ఆయన కడుపు నిండినట్టయింది, అదేం విచిత్రమో.

ఆ రోజు నుంచి అదే వ్యసనం. పొద్దున్న కాఫీ ముందు మేత, మధ్యాహ్నం మేత, దీపాల వేళకి మేత. చెరువు మీద కూర్చున్నా జేబులోంచి తీసి చూసుకునేవారు. ఎవరికీ చెప్పలేదు, ఈ వయసులో ఫోనులో చేపలేంటని నవ్వుతారని. చేపల కింద ఏవో చిన్న అక్షరాలున్నాయి గానీ, కళ్ళజోడు పెట్టుకుని చదవాలని ఆయనకి తోచలేదు. మేత వేసేవాడు చేప ఒంటిని చూస్తాడు గానీ పేరడుగుతాడా ఎక్కడైనా?

చెయ్యి తిరిగిన మనిషి మేపాడు కదా, చేపలు దిట్టంగా పెరిగాయి. ఒక్కొక్కదాని చుట్టూ బంగారు గీత వచ్చింది. ఆ గీత అర్థం ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కనే గంప బొమ్మా, దాని కింద 'సంత' అన్న మాటా ఉన్నాయి.

పెరిగిన సరుకు చెరువులో ఉండకూడదు.

మామిడిపండు రంగు చేపని గంపలోకి లాగారు. బంగారు నాణేలు జలజలా రాలాయి. నెమలికంఠం చేప వెళ్ళింది. ముగ్గుల చేప వెళ్ళింది. వేలు ఒకసారి అలవాటు పడ్డాక ఆగుతుందా! చెరువు మొత్తం పట్టుబడి చేసేసి, ఖాళీ నీళ్ళు చూసి, మంచి పంట తీసిన తృప్తితో తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. అన్నపూర్ణ ఉంటే మెచ్చుకునేది అని కూడా అనుకున్నారు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ ఆయన తల వంచుకుంటారు.

మర్నాడే శిరీష వచ్చింది. సంచులు దించి, కాళ్ళు కడుక్కుని, ఆయనకి కాఫీ ఇస్తుంటే ఇక ఉండబట్టలేక చెప్పేశారు.

"అమ్మాయ్, నువ్వు లేనప్పుడు నేనో ఘనకార్యం చేశాను. మీ అత్తయ్య ఫోనులో చెరువుంది చూడు, దాన్ని బ్రహ్మాండంగా మేపి పట్టుబడి చేసేశాను. నాణేలు ఎంత వచ్చాయనుకున్నావ్!"

శిరీష నవ్వుతుందనుకున్నారు. గ్లాసందించిన ఆ పిల్ల చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

"పట్టుబడి అంటే ఏంటి మావయ్యగారూ? అమ్మేశారా?"

"మరి? సైజుకొచ్చేశాయిగా."

"అన్నీ?"

"ఒక్కటి మిగల్చలేదు" అన్నారాయన గర్వంగానే. చివరి అక్షరం దగ్గరికొచ్చేసరికి గర్వం జారిపోయింది, ఎందుకంటే కోడలు వంటింటి గడప మీద కూలబడిపోయింది. అత్తగారి పాడె లేచినప్పుడు కూడా ఆ పిల్ల అలా కూలబడలేదు.

"అవి కంపెనీ వాళ్ళ చేపలు కావు మావయ్యగారూ. అత్తయ్య గీసినవి. ఒక్కొక్కటీ వేలితో గీసింది. మోకాలు నొప్పితో మంచం మీదున్నప్పుడు తోచట్లేదంటే నేనే పెట్టిచ్చాను ఆ ఆట. తెల్ల చేపపిల్లనిస్తారు, రంగులు మనమే వేసుకోవాలి. ముందు తన చీరలన్నీ వేసింది. మామిడిపండు రంగుది తన పెళ్ళి చీర. ముగ్గులదానికి మీ అమ్మగారి పేరు పెట్టింది. మీ అమ్మగారు ఆ మెలికల ముగ్గు బాగా పెట్టేవారంటగా? గుర్తుపట్టలేదా మీరు?"

గుర్తుపట్టలేదు. పెళ్ళిపీటల మీద పక్కన కూర్చున్న చీరనీ, వాకిట్లో దాటుకుంటూ తిరిగిన ముగ్గునీ రోజూ మేత వేస్తూ చూసి కూడా గుర్తుపట్టలేదు. అంత అందం ఈ ఇంట్లో మంచం మీద కూర్చుని ఒక మనిషి చేస్తుంటే, తాను ఆ గది ముందునుంచే చెప్పులేసుకుని చెరువుకి వెళ్ళిపోయేవారు.

"పోనీ కొనుక్కోలేమా తిరిగి? నాణేలున్నాయిగా?"

"సంతకెళ్ళింది తిరిగి రాదండి. ఆటంతే." శిరీష కళ్ళు తుడుచుకుంది. "చీరలిచ్చేశారు. సరే, చీరలే కదా అని ఊరుకున్నాను. గంట ఇచ్చేశారు. ఊరుకున్నాను. ఈ చేపలుంటే చాలనుకున్నానండి నేను. ఒక్కసారైనా సౌండు పెట్టి చూశారా మీరు?"

"సౌండేంటి?"

"ప్రతి చేపకీ ఓ పిలుపుంటుంది. మేతేసినప్పుడు, మనం రికార్డు చేసి పెట్టిన గొంతుతో ఆట దాన్ని పిలుస్తుంది. అత్తయ్య గొంతు మావయ్యగారూ. ఇన్నాళ్ళూ మీ చేతిలో అత్తయ్య పిలుస్తానే ఉంది, మీరు నోరు నొక్కేసి మేతేశారు."

సూర్యనారాయణ గారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. సౌండు పెంచి మేత నొక్కారు. ఖాళీ నీళ్ళలోకి గింజలు రాలి, అడుగున పడి మాయమయ్యాయి. ఎవరినీ పిలవలేదు. పిలవడానికి ఎవరున్నారు గనక?

ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో ఉన్న పెళ్ళి వీడియోలన్నీ వెతికారు. అన్నిట్లోనూ అన్నపూర్ణమ్మ ఉంది. వడ్డిస్తూనో, తాంబూలాలు సర్దుతూనో, కెమేరా చూసి చెంగు అడ్డం పెట్టుకుని తప్పుకుంటూనో ఉంది. గొంతు మాత్రం ఎక్కడా లేదు. బాజాలున్నాయి, మైకులో పాటలున్నాయి, చుట్టాల అరుపులున్నాయి. ఆవిడ మాట ఒక్కటి లేదు. ఇన్నేళ్ళు చెవుల్లో మోగిన గొంతు ఎలా ఉండేదో తలుచుకోబోతే అందీ అందకుండా జారిపోతోంది. అప్పుడు భయం పట్టుకుంది ఆయనకి. తెగులొచ్చి ఓ చెరువు మొత్తం పోయిన రోజున కూడా అంత భయపడలేదు.

సాయంత్రం కోడలి దగ్గరికెళ్ళి, "అమ్మాయ్, ఒక్క చేపైనా ఎక్కడైనా మిగిలుంటుందా?" అని అడిగారు. గట్టిగా మాట్లాడే మనిషి అంత చిన్నగా అడిగేసరికి శిరీష కోపం కరిగిపోయింది.

"పెరిగిన చేపని స్నేహితుల చెరువులోకి పంపించొచ్చు. అడవిపొలం సుబ్బలక్ష్మి గారికి ఒకటి పంపింది. జోసెఫిన్ టీచరు గారికి కూడా ఏదో పంపింది, ఏంటో నాకు చెప్పలేదు. అడిగితే నవ్వేది."

మర్నాడు పొద్దున్నే, ఉతికిన చొక్కా తొడుక్కుని, అన్నపూర్ణమ్మ ఫోను జేబులో పెట్టుకుని స్కూటరు మీద అడవిపొలం బయల్దేరారు. పిల్లని అడగడానికి వెళ్ళే మగపెళ్ళివారికైనా అంత బెరుకు ఉండదు.

సుబ్బలక్ష్మి అన్నపూర్ణమ్మకి వరసకి చెల్లెలు. భర్త వ్యవసాయం చూసుకుంటాడు. వాకిట్లో కూరగాయలు తరుగుతున్నదల్లా ఆయన్ని చూసి లేచి, "రండి బావగారూ, రండి, ఇలా దారి తప్పేరేంటి?" అంటూ కుర్చీ వేసింది. ఆయన విషయం చెప్పడానికి నానా తంటాలూ పడ్డారు. సుబ్బలక్ష్మి మొత్తం విని, తన ఫోను తెచ్చి ఆయన ఎదురుగా పెట్టి మేత నొక్కింది.

"గౌరమ్మా! రావే తల్లీ, బువ్వ తిందువుగాని..."

అన్నపూర్ణమ్మ గొంతే. కొంచెం బొంగురు, చివర్లో చిన్న సాగదీత. ఎక్కడో ఫోను డొక్కలోంచి వస్తున్నట్టు లేదు, వెనకింట్లోంచి పిలిచినట్టే ఉంది. సూర్యనారాయణ గారు గబుక్కున వెనక్కి తిరిగి చూశారు కూడా. తర్వాత తెర వంక చూస్తే, నేరేడుపండు రంగు చీర అంచున్న చేప నాచులోంచి మెల్లగా, వయసు మళ్ళిన ఆడమనిషి నడిచొచ్చినట్టు ఈదుకుంటూ వచ్చింది.

"గౌరమ్మంటే మా పెద్దమ్మేనండి, మీ అత్తగారు. 'మా అమ్మ నాకు పెట్టింది గానీ నేను మా అమ్మకి ఒక్క పూట పెట్టుకోలేదే సుబ్బులూ, అందుకే రోజూ పెడతన్నాను' అనేది. నాకిచ్చేటప్పుడు ఏడ్చేసింది."

"మళ్ళీ నొక్కమ్మా" అన్నారాయన.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ పిలిచింది అన్నపూర్ణమ్మ. అలా ఎన్నిసార్లు నొక్కించుకున్నారో సుబ్బలక్ష్మికే తెలియాలి. పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వచ్చినా ఆవిడ లేవలేదు. మనిషి గాలిలో కలిసిపోయి, మట్టిలో కలిసిపోయి, ఆఖరికి గోదాట్లో కూడా కలిసిపోయాక, ఈ అరచేతి పలకలో కూర్చుని తల్లిని అన్నానికి పిలవడమేంటి? ఏ శాస్త్రంలో ఉంది ఇది? ఆయన రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

చివరికి తెగించి అడిగేశారు. "సుబ్బలక్ష్మీ, ఈ చేపని నాకిచ్చెయ్యమ్మా. నీకేం కావాలన్నా ఇస్తాను."

సుబ్బలక్ష్మి లోపలికెళ్ళి బీరువా తెరిచింది. బయటికొచ్చేసరికి చేతిలో నేరేడుపండు రంగు చీర, మడత విప్పకుండా ఉంది. కర్మల తర్వాత శిరీష ఇచ్చిన చీర.

"ఇదిగోండి బావగారూ. అక్క చీర. పట్టుకెళ్ళండి, నాకేం బాధ లేదు. కట్టుకుందామంటే చెయ్యాడదు, అలాగే ఉంచేశాను. కలరా ఉండల కంపు తప్ప అక్క వాసన కూడా పోయిందందులో. చేప మాత్రం అడక్కండి. పొద్దున్న లేచి మా ఆయన మొహం కూడా చూడకముందు దీన్ని చూస్తాను. అక్క పిలుస్తది, పెద్దమ్మ వస్తది. ఇదిచ్చేస్తే నా ఇంట్లో ఇద్దరు చచ్చిపోయినట్టేనండి."

చెప్పేసి, పెద్దవాడితో అంత మాటన్నందుకు నాలిక్కరుచుకుంది. సూర్యనారాయణ గారికి కోపం రాలేదు. ఆశ్చర్యం వేసింది. పట్టు చీర, జరీ చీర, చేత్తో పట్టుకుంటే బరువున్న చీర, దాన్నిచ్చేస్తానంటోంది. పట్టుకోడానికి ఏమీ లేని చేపని గుండెకి అదుముకుని ఇవ్వనంటోంది. ఆయన చీర వెనక్కిచ్చేసి, "నీ దగ్గరే ఉండనివ్వమ్మా రెండూ" అని లేచారు.

జోసెఫిన్ టీచరు ఇల్లు చర్చి వెనక వీధిలో ఉంది. రిటైరై చాలా కాలమైంది. మోకాలు నెమ్మదించాక సాయంత్రాలు ఆవిడా అన్నపూర్ణమ్మా గోదారి ఒడ్డున సిమెంటు బల్ల మీద కూర్చునేవారు. స్కూటరు మీద పోతూ చాలాసార్లు చూశారాయన. ఇద్దరూ ఫోన్లలో తలలు దూర్చి పకపకా నవ్వుతుంటే, ఈ ఆడాళ్ళకి ఈ వయసులో ఇదేం పిచ్చో అనుకుంటూ హారన్ కొట్టి పోయేవారు.

తలుపు తీయగానే టీచరు, "వచ్చేరా అన్నయ్యగారూ!" అంది, పిలిచిన మనిషి ఆలస్యంగా వచ్చినట్టు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని తాగకుండానే మొదలుపెట్టారు.

"నేను అన్నపూర్ణ చేపలన్నీ అమ్మేశానమ్మా. తెలీక చేశాను. మీ దగ్గరొకటుందట. ఇమ్మని అడగను. అడిగే మొహం లేదు నాకు. ఒక్కసారి దాని గొంతు వినిపించండి, చాలు. వినేసి వెళ్ళిపోతాను."

టీచరు వెంటనే ఫోను తియ్యలేదు.

"ఉందండి. ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు పంపించింది. దాని కథ చెప్పాక చూపిస్తాను. చేప పిల్లకి పేరు పెట్టాలి కదండీ, పేరు టైపు చేసేసింది గబగబా. పిలుపు రికార్డు చెయ్యమంటే మాత్రం నోరు పెగల్లేదు. 'కళ్ళు పోతాయే జోసెఫిన్, ఆ పేరు నా నోటితో ఎలా పలుకుతాను' అంటది. 'చేపనే కదా పిలుస్తున్నావు, ఏం కాదు' అన్నాను నేను. ఆ బల్ల మీదే కూర్చున్నాం. అటూ ఇటూ చూసింది ఎవరైనా వింటున్నారేమోనని. చెంగు నోటి మీద పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. ఆఖరికి పిలిచేసి, టపటపా లెంపలు వాయించుకుందండీ బాబూ! తర్వాత ఎంత నవ్విందో! కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఇక మర్నాటి నించీ చూడాలి. వచ్చి కూర్చోడం, ఆ చేపనే పిలవడం. బతిమాలేది, కసిరేది, ముద్దు చేసేది, అన్నీ ఆ చేప పిలుపులోకే ఎక్కించేది. నలభయ్యేళ్ళు కడుపులో దాచుకున్న పేరు కదండీ."

సూర్యనారాయణ గారికి ఏదో అర్థమవుతోంది. అర్థమవుతున్నది నమ్మడానికి ధైర్యం చాలడం లేదు. ఈ కాలం పిల్లలు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తారు, శిరీషే పిలుస్తుంది. అన్నపూర్ణమ్మ ఏనాడూ పిలవలేదు. రేషను కార్డు కోసం ఆఫీసులో భర్త పేరడిగితే కూడా, పక్కనున్నవాళ్ళని చెప్పమని తల తిప్పుకున్న మనిషి.

"నాకెందుకిస్తున్నావే, ఇంట్లోనే ఉంచుకో అన్నానండి" అని టీచరు సాగించింది. "ఏవందో తెలుసా? 'నేను ఆసుపత్రిలో ఉండగా మా ఆయన చేతిలో ఈ ఫోను పడిందంటే పట్టుబడి చేసేస్తారే. ఆయన్ని ఆయనే సంతలో అమ్మేసుకుంటారు, అంత గొప్పోరు. నీ దగ్గరైతే బతుకుతారు' అంది. 'ఎప్పుడైనా ఆయనంతట ఆయన వచ్చి అడిగితే ఇచ్చెయ్యి. అడక్కపోతే నువ్వే పెంచుకో. ఇంట్లో ఉన్నాయన కంటే ఇదే నయం, పిలవగానే వస్తది' అని కూడా అంది. ఇంక ఆ నవ్వే నవ్వు."

సూర్యనారాయణ గారు కూడా నవ్వారు. నవ్వుతూనే తువ్వాలు మొహానికి కప్పుకున్నారు. అది పక్కకి తీయడానికి చాలాసేపు పట్టింది. బయట ఎవరో చేపలో చేపలని అరుచుకుంటూ సైకిలు మీద పోతున్నారు.

"చూపించండమ్మా" అన్నారు చివరికి.

టీచరు తన ఫోను ఆయన చేతిలో పెట్టింది. నీళ్ళు తెరుచుకున్నాయి. పైన టీచరు చేపలు రెండు మూడు ఆడుకుంటున్నాయి. అన్నపూర్ణమ్మ చేప మాత్రం ఎక్కడో దూరంగా, చెరువు ఆ చివర్న, వీపు ఇటు తిప్పి ఉంది. నీలం గళ్ళ లుంగీ కట్టినట్టు ఒంటి నిండా గళ్ళు. భుజం దగ్గర ఎర్ర తువ్వాలు. అది ఇటు తిరిగినప్పుడు చూస్తే మీసం కూడా ఉంది, ఎడమవైపు నల్లగా, కుడివైపు తెల్లగా. ఆయన చెయ్యి తెలియకుండానే మీసం మీదికి వెళ్ళింది. కుడివైపు ముందు నెరిసిందని ఆయనకే సరిగ్గా తెలియదు. రోజూ అద్దంలో చూసుకునే తనకి తెలియనిది, ఎప్పుడూ తలెత్తి సూటిగా చూడని ఆవిడకి తెలుసు. ఇంత దగ్గరగా ఎప్పుడు చూసింది? ఏ వేళప్పుడు? తాను అన్నం తింటూ చెరువు గురించి ఫోనులో అరుస్తున్నప్పుడా?

జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. ఈసారి కింద అక్షరాలు చదివారు. తన పేరే. అక్షరం పొల్లు పోకుండా, ఇంటి ముందు బోర్డు మీద ఉన్నట్టే ఉంది.

"నొక్కండి అన్నయ్యగారూ" అంది టీచరు మెల్లగా.

ఆయన వేలు తువ్వాలుతో తుడుచుకున్నారు. మేత బొమ్మ మీద పెట్టారు.

ముందు చిన్న నవ్వు వినబడింది, నోటికి చెంగు అడ్డం పెట్టుకున్న నవ్వు. తర్వాత గోదారి గాలి. ఆ గాలిలోంచి, కొత్తగా మాటలు నేర్చుకుంటున్న పిల్లలా, ఒక్కో అక్షరం రుచి చూసుకుంటూ అన్నపూర్ణమ్మ పిలిచింది.

"సూర్య... నారాయణా..."

అది తన పేరు. తల్లి పిలిచిన పేరు, స్కూల్లో మాస్టర్లు పిలిచిన పేరు, బ్యాంకు వాళ్ళు, ఎగుమతి కంపెనీల వాళ్ళు, ఊళ్ళో అందరూ పిలిచి పిలిచి అరగదీసిన పేరు. ఇంత అందంగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదు. కొత్త బట్టలేసుకున్న పసివాడిలా ఆ పేరులో ఆయన కదలకుండా కూర్చుండిపోయారు.

లుంగీ గళ్ళ చేప ఇంకా రాలేదు. ఆ చివర్నే తచ్చాడుతోంది. రాని చేపని ఆట రెండోసారి పిలుస్తుంది కాబోలు, మళ్ళీ అదే గొంతు వినబడింది. ఈసారి సిగ్గు పోయింది. ఇంటి ఇల్లాలి కసురొచ్చింది.

"ఓయ్ సూర్యనారాయణా! ఎంతసేపయ్యా ఆ చెరువులో? అన్నం చల్లారిపోతంది. వస్తన్నావా, లేదా?"

సూర్యనారాయణ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఏనాడూ ఆవిడని 'అండి' అని ఎరగని మనిషి, ఫోను రెండు చేతుల్లోనూ పట్టుకుని, తల వంచి, బదులు పలికారు.

"ఆయ్... వచ్చేస్తన్నానండీ."